ఆరు స్పీకర్లు, ఒకే గడియారం

ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. ఇంట్లో ఉన్న రెండు ఫోన్లలో ఒకే పాట తెరిచి, రెండింటినీ ఒక్కసారే మొదలుపెట్టండి. ఎంత జాగ్రత్తగా వేలు ఆనించినా పల్లవి రెండుగా వినిపిస్తుంది. ఒక ఫోను ముందు పోతుంది, రెండోది వెనకబడుతుంది. ఆపి మళ్లీ మొదలుపెట్టినా అంతే.

ఇప్పుడు రెండు మామూలు అనలాగ్ ఎఫ్‌ఎం రేడియోలు తీసుకోండి. జహీరాబాద్ ప్రాంతం వారైతే 90.4 మెగాహెర్ట్జ్ దగ్గర సంగం రేడియో పెట్టండి. ఒక రేడియో వంటింట్లో, ఇంకొకటి వరండాలో ఉన్నా మాట ఒకటే, వేళ ఒకటే. ఊరంతా వంద రేడియోలు మోగుతున్నా ప్రసారం అందడంలో వాటి మధ్య తేడాను చెవి పట్టుకోలేదు.

ఝరాసంగం మండలం మాచునూరులో 2008 అక్టోబరు 15న ఈ సంగం రేడియో ప్రసారాలు మొదలయ్యాయి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలే దాన్ని నడుపుతూ వచ్చారు. విత్తనాలు, పంటలు, వైద్యం, పాటలు అన్నీ వాళ్ల నోటి మాటగానే చుట్టుపక్కల పల్లెలకు చేరాయి. ఆ మాట అన్ని ఇళ్లకూ ఒకేసారి చేరడానికి ప్రత్యేకమైన ఏర్పాటేమీ అక్కర్లేదు. టవర్ నుంచి బయల్దేరిన తరంగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో పోతుంది. 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న పల్లెకు చేరడానికి దానికి పట్టేది 67 మైక్రోసెకన్లు, అంటే సెకనులో పదిహేను వేలవ వంతు. పైగా అనలాగ్ రేడియో శబ్దాన్ని దాచిపెట్టుకోదు. అందింది అందినట్టే స్పీకరుకు ఇచ్చేస్తుంది.

ఫోన్ల సంగతి వేరు. వాటికి శబ్దం ముక్కలు ముక్కలుగా, అంకెల రూపంలో వస్తుంది. ఒక్కో ఫోను ఆ ముక్కలను కొంతసేపు దాచి, తన సొంత గడియారం చెప్పిన వేళకు వినిపిస్తుంది. రెండు ఫోన్లు, రెండు గడియారాలు. అందుకే పాట రెండయింది.

ఇంట్లో చుట్టూ స్పీకర్లు పెట్టి, వాటన్నిటికీ కంప్యూటర్ నెట్‌వర్క్ ద్వారా శబ్దం పంపాలనుకునేవారికి ఎదురయ్యేది సరిగ్గా ఈ చిక్కే. అంకెలను మోసుకుపోవడం ఈనాటి నెట్‌వర్క్‌కు చాలా చిన్న పని. ఆరు స్పీకర్లు ఒకే క్షణాన్ని ‘ఇప్పుడు’ అని ఒప్పుకునేలా చేయడమే అసలు విద్య.

టీవీ పక్కన చేరిన వెనక స్పీకర్లు

హోమ్ థియేటర్ కొన్న ఇళ్లలో తరచూ కనిపించే దృశ్యం ఒకటుంది. పెట్టెలో వచ్చిన ఐదు స్పీకర్లూ టీవీ కింద షోకేసులో వరుసగా నిలబడి ఉంటాయి. వెనక పెట్టాల్సిన రెండూ ముందే ఉంటాయి. తెలియక చేసిన పని కాదది. వెనక్కి వైరు లాగాలంటే గుమ్మం దాటించాలి, లేదా గోడ కోసి గాడి తీయాలి. సున్నం వేసి, రంగు పూసిన గోడను కోయడానికి ఎవరికీ చేతులు రావు. నేల మీదుగా లాగితే పిల్లల కాళ్లకు తగులుతుంది, ఊడ్చేటప్పుడు చీపురుకు తగులుతుంది. దాంతో సరౌండ్ సౌండ్ కోసం డబ్బు పెట్టిన ఇంట్లో సరౌండ్ మాత్రం ఉండదు.

హోమ్ థియేటర్ పెట్టె మీద కనిపించే 5.1 అన్న అంకెకు ఒక లెక్క ఉంది. ముందు ఎడమ, కుడి, మధ్య కలిపి మూడు. పక్కల నుంచి కాస్త వెనగ్గా రెండు. బరువైన శబ్దాల కోసం ఒక సబ్‌వూఫర్. వినేవారి ముక్కుకు ఎదురుగా గీత గీస్తే ముందు ఎడమ, కుడి స్పీకర్లు దానికి 30 డిగ్రీల పక్కన, వెనక స్పీకర్లు 100 నుంచి 120 డిగ్రీల పక్కన ఉండాలని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫారసు చెబుతోంది. ముందు మూడు, సరౌండ్ రెండు, ఒక సబ్‌వూఫర్ అనే ఈ అమరిక 1979లో ‘అపోకలిప్స్ నౌ’ చిత్రంతో స్థిరపడింది. 1992లో ‘బ్యాట్‌మన్ రిటర్న్స్’తో డాల్బీ డిజిటల్ థియేటర్లకు వచ్చి, ఆ ఆరు దారుల శబ్దాన్ని అంకెల్లోకి మార్చింది.

డాల్బీ పేరుకు మన దేశంతో ఒక సంబంధం ఉంది. ఆ సంస్థను స్థాపించిన రే డాల్బీ 1963 నుంచి 1965 వరకు ఐక్యరాజ్యసమితి తరఫు సాంకేతిక సలహాదారుగా ఇక్కడే, చండీగఢ్‌లోని కేంద్రీయ శాస్త్రీయ పరికరాల సంస్థ పనిలో ఉన్నారు. ఇక్కడి నుంచి వెళ్లాకే, 1965లో లండన్‌లో డాల్బీ లేబొరేటరీస్ ప్రారంభించారు.

2012లో వచ్చిన డాల్బీ అట్మాస్ ఇంకో అడుగు ముందుకు వేసింది. అంతకుముందు ‘ఈ శబ్దం ఎడమ స్పీకరుకు’ అని రాసేవారు. అట్మాస్‌లో ‘ఈ శబ్దం గదిలో ఫలానా చోట’ అని రాస్తారు. ఏ స్పీకర్లు మోగాలో ఆ హాలులోని ప్రాసెసరే లెక్కగట్టుకుంటుంది. థియేటర్లో ఏకకాలంలో 128 శబ్ద ధారలను 64 స్పీకర్ల దాకా పంచగలదు. పి.ఎం. సతీశ్ శబ్ద రూపకల్పన చేసిన ‘బాహుబలి’ని 2015లో అట్మాస్ థియేటర్లలో చూసినవారికి తలమీదుగా దూసుకుపోయే బాణాల శబ్దం గుర్తుండే ఉంటుంది. అలాంటి సినిమాలే ఈరోజు జహీరాబాద్‌లోని మామూలు ఇంటి టీవీలోకి ఇంటర్నెట్ ద్వారా వస్తున్నాయి. నెట్‌ఫ్లిక్స్ అట్మాస్ శబ్దానికి సెకనుకు గరిష్ఠంగా 768 కిలోబిట్లు వాడుతుంది. ఒక మెగాబిట్ కూడా కాదు. గల్లీల్లోకి ఫైబర్ వచ్చేసిన కాలంలో అది లెక్కలోకి రాని బరువు. వందల కిలోమీటర్లు ప్రయాణించి టీవీ దాకా వచ్చిన శబ్దం, టీవీ నుంచి పది అడుగుల దూరంలోని వెనక గోడకు చేరలేకపోతోంది.

ఒక ప్యాకెట్టును విప్పి చూస్తే

శబ్దం గాలిలో ఒత్తిడి హెచ్చుతగ్గులు. ఆ హెచ్చుతగ్గులను సెకనుకు 48,000 సార్లు కొలిచి, ఒక్కో కొలతనూ 24 బిట్ల అంకెగా రాసుకోవడం సినిమా శబ్దంలో మామూలు పద్ధతి. అంటే ఒక్క స్పీకరుకు సెకనుకు 11 లక్షల 52 వేల బిట్లు. 24 బిట్లంటే 3 బైట్లు.

నెట్‌వర్క్‌లో ఈ అంకెలను ఒక్కొక్కటిగా పంపరు. కొన్నింటిని పోగుచేసి, పైన చిరునామా రాసి, ప్యాకెట్టుగా పంపుతారు. ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ 2013లో ప్రచురించిన ఏఈఎస్67 ప్రమాణం ప్రకారం మామూలు ప్యాకెట్టులో ఉండేది ఒక మిల్లీసెకను శబ్దం, అంటే ఒక్కో స్పీకరుకు 48 కొలతలు. 5.1కి ఆరు దారులు కాబట్టి 48ని 3 బైట్లతో, దాన్ని 6తో హెచ్చవేస్తే 864 బైట్లు. దాని ముందు మూడు శీర్షికలు చేరతాయి. వరుస సంఖ్య, ఏ క్షణానిదో చెప్పే ముద్ర ఉండే ఆర్‌టీపీ శీర్షికకు 12 బైట్లు. ఏ పోర్టుకు వెళ్లాలో చెప్పే యూడీపీకి 8. ఎక్కడి నుంచి ఎక్కడికో చెప్పే ఐపీకి 20. మొత్తం 904 బైట్లు. ఈథర్‌నెట్ ఒక్క ప్యాకెట్టులో 1,500 బైట్ల దాకా మోస్తుంది కనుక హాయిగా పట్టింది.

ఇలాంటివి సెకనుకు 1,000 ప్యాకెట్లు. ఈథర్‌నెట్ సొంత ఖర్చులు కలిపినా సెకనుకు 7.5 మెగాబిట్లు. బజారులో దొరికే అతి సాధారణ నెట్‌వర్క్ స్విచ్ కూడా ఒక్కో దారిలో 100 మెగాబిట్లు పంపుతుంది. ఏ కుదింపూ లేకుండా, స్టూడియోలో ఉన్నది ఉన్నట్టుగా ఆరు దారుల శబ్దాన్ని పంపినా ఆ కేబుల్‌లో పన్నెండో వంతు కూడా నిండదు. టీవీ వెనక ఉండే ఆప్టికల్ ఆడియో తీగ కుదించని శబ్దాన్నయితే రెండు దారులే మోయగలదు. 5.1 కావాలంటే డాల్బీ డిజిటల్ లాంటి పద్ధతిలో పిండి పంపాల్సిందే.

ఆ ఆర్‌టీపీ శీర్షికలో ఉన్న సమయపు ముద్రను మరోసారి చూడండి. 864 బైట్ల శబ్దం పక్కన అది కేవలం 4 బైట్లు. ‘నన్ను ఈ క్షణంలో వినిపించు’ అనే ఆజ్ఞ అందులోనే ఉంటుంది. సరౌండ్ సౌండ్ నిలిచేదీ పడిపోయేదీ ఆ నాలుగు బైట్ల మీదే.

చెవి లెక్క ఎంత నిక్కచ్చి?

కొద్ది క్షణాలు అటూ ఇటూ అయితే ఏం పోయింది అనిపించవచ్చు. చెవి అంత ఉదారమైనది కాదు. కుడివైపు నుంచి వచ్చే శబ్దం కుడి చెవికి ముందు, తల చుట్టి ఎడమ చెవికి తర్వాత చేరుతుంది. ఎంత పెద్ద తేడా వచ్చినా అది సుమారు 0.7 మిల్లీసెకను. ఆ కొద్దిపాటి తేడాతోనే మెదడు దిక్కు పోల్చుకుంటుంది. అనుకూలమైన పరిస్థితుల్లో 10 మైక్రోసెకన్ల తేడాను కూడా అది పట్టగలదు.

ఎదురుగా రెండు స్పీకర్లు ఒకే పాటను ఒకే క్షణంలో పాడితే, గాయకుడు ఆ రెండింటి మధ్య ఖాళీ చోట నిలబడినట్టు వినిపిస్తాడు. ఒక స్పీకరును పావు మిల్లీసెకను ఆలస్యం చేస్తే ఆయన రెండోవైపుకు జరుగుతాడు. ఒక మిల్లీసెకను దాటితే పూర్తిగా ముందు మోగిన స్పీకరులోకి వెళ్లిపోతాడు.

ఆలస్యం ఇంకా పెరిగితే మరో వింత. హెల్మట్ హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1949లో తన పరిశోధన గ్రంథంలో దీన్ని వివరంగా కొలిచాడు. ఒకే మాట రెండుచోట్ల నుంచి సుమారు 30 మిల్లీసెకన్ల లోపు తేడాతో వస్తే మనకు రెండు మాటలుగా వినిపించదు. ఒకటిగానే కలిసిపోతుంది. కానీ దిక్కు మాత్రం ముందు చేరిన శబ్దానిదే, తర్వాత వచ్చింది కాస్త బిగ్గరగా ఉన్నా సరే. దీని ఫలితం హోమ్ థియేటర్‌లో నేరుగా కనిపిస్తుంది. వెనక స్పీకరు 20 మిల్లీసెకన్లు ముందుగా మోగిందంటే, అన్ని స్పీకర్లలోనూ ఉన్న సంగీతం మొత్తం వీపు వెనక్కి లాగేసినట్టు అవుతుంది. తెర మీద నడిచే కథకు, చెవికి చేరే కథకు సంబంధం తెగిపోతుంది.

దూరం కూడా కాలమే. 20 డిగ్రీల వేడిలో శబ్దం సెకనుకు 343 మీటర్లు పోతుంది, అంటే ఒక మిల్లీసెకనుకు 34 సెంటీమీటర్లు, అడుగు కంటే కాస్త ఎక్కువ. మే నెలలో జహీరాబాద్ ఎండ 40 డిగ్రీలకు చేరితే ఆ వేగం 355 మీటర్లవుతుంది. ముందు స్పీకరు మూడు మీటర్ల దూరంలో, వెనకది మీటరున్నర దూరంలో ఉంటే వెనక శబ్దం 4 మిల్లీసెకన్లకు పైగా ముందే చేరుతుంది. అందుకే మంచి హోమ్ థియేటర్ రిసీవర్లలో ఒక్కో స్పీకరు దూరాన్ని అడుగుతారు. దగ్గరి స్పీకరును ఆ మేరకు ఆపి వినిపించి, అన్ని శబ్దాలనూ ఒకేసారి సోఫా దగ్గరకు చేరుస్తారు.

బొమ్మకూ మాటకూ మధ్య మరో లెక్క ఉంది. డబ్బింగ్ సినిమాలు చూసి పెరిగిన మనకు పెదవులు కలవకపోతే ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1998 నాటి సిఫారసు ప్రకారం, మాట బొమ్మ కంటే 45 మిల్లీసెకన్లు ముందొస్తే ప్రేక్షకులు పసిగడతారు. వెనకబడితే మాత్రం 125 మిల్లీసెకన్ల దాకా గమనించరు. ప్రకృతిలో శబ్దం ఎప్పుడూ వెలుగు తర్వాతే వస్తుంది; దూరాన కట్టెలు కొట్టే గొడ్డలి ముందు కనిపించి తర్వాత వినిపిస్తుంది. ఆలస్యానికి మనం పుట్టుకతోనే అలవాటు పడ్డాం. తొందరకు కాదు.

మొత్తానికి రెండు గీతలు తేలాయి. స్పీకర్ల మధ్య తేడా మిల్లీసెకనులో చిన్న భాగానికి మించకూడదు. బొమ్మతో పోలిస్తే మొత్తం శబ్దం మాత్రం కొన్ని పదుల మిల్లీసెకన్లు వెనకబడవచ్చు. నెట్‌వర్క్ ఆడియో ఇంజనీర్లు పనిచేసేది ఈ రెండు గీతల మధ్యనే.

తప్పు చూపే గడియారాలను ఒకటి చేయడం

దాదాపు ప్రతి డిజిటల్ పరికరంలోనూ ఒక చిన్న స్ఫటికం ఉంటుంది. కరెంటు తగలగానే అది కంపిస్తుంది. ఆ కంపనాలే పరికరానికి గడియారం. ఏ రెండు స్ఫటికాలూ ఒకేలా కంపించవు. పది లక్షల్లో 50 వంతుల తేడా ఉండటం చౌక పరికరాల్లో సాధారణం. వేడి మారితే తేడా కూడా మారుతుంది.

పది లక్షల్లో 50 అంటే ఏముందిలే అనిపిస్తుంది. లెక్క వేద్దాం. సెకనుకు 50 మైక్రోసెకన్లు. 20 సెకన్లకు ఒక మిల్లీసెకను. పేర్లు పడటం పూర్తికాకముందే గాయకుడు మధ్యలోంచి పక్కకు జరిగిపోయాడన్నమాట. రెండున్నర గంటల సినిమా ముగిసేసరికి ఆ తేడా 450 మిల్లీసెకన్లు, దాదాపు అర సెకను. రెండు స్పీకర్లను ఒకే క్షణంలో మొదలుపెట్టినంత మాత్రాన చాలదు. సినిమా పొడవునా వాటిని సరిదిద్దుతూనే ఉండాలి.

దీనికి వాడే పద్ధతి ఐఈఈఈ 1588. 2002లో మొదటిసారి, 2008లో మెరుగుపరిచి వెలువరించిన ప్రమాణం ఇది. కర్మాగారాల్లో యంత్రాలను, విద్యుత్ సబ్‌స్టేషన్లను ఒకే సమయానికి నడపడానికి వాడుతున్న పద్ధతినే శబ్దానికీ తెచ్చుకున్నారు. నెట్‌వర్క్‌లోని పరికరాలు తమలో మంచి గడియారం ఎవరిదో చూసి, దాన్ని పెద్దగా ఎన్నుకుంటాయి. ఆ పెద్ద గడియారం ఆగిపోతే తర్వాతి యోగ్యమైనది ఆ స్థానం తీసుకుంటుంది.

మిగతా స్పీకర్లు తమ తప్పును ఎలా కనుక్కుంటాయో అంకెలతో చూద్దాం. పెద్ద గడియారం తన లెక్కలో 1,000 మైక్రోసెకన్ల దగ్గర ఒక సందేశం పంపింది. వెనక స్పీకరుకు అది తన గడియారం ప్రకారం 1,530 దగ్గర అందింది. తేడా 530. ఇందులో స్పీకరు గడియారం తప్పు ఎంతో, దారిలో పట్టిన సమయం ఎంతో ఇంకా తెలియదు. ఇప్పుడు స్పీకరు తన లెక్కలో 2,000 దగ్గర తిరుగు సందేశం పంపింది. పెద్ద గడియారం ప్రకారం అది 1,510కే అందింది! పంపక ముందే అందినట్టు కనిపిస్తోంది. తేడా మైనస్ 490. 

మొదటి తేడాలో గడియారం తప్పుకు దారి సమయం కలిసి ఉంది. రెండోదానిలో దారి సమయం నుంచి గడియారం తప్పు తీసివేసి ఉంది. రెండూ కలిపితే 40, అందులో సగం 20 మైక్రోసెకన్లు దారి సమయం. మొదటిదాని నుంచి రెండోది తీసేస్తే 1,020, అందులో సగం 510 మైక్రోసెకన్లు గడియారం తప్పు. రెండు సందేశాలతో, బడిపిల్లలు చేసే కూడిక తీసివేతలతో ఒక స్పీకరు తన గడియారం ఎంత ముందుందో తెలుసుకుంది. ఈ పని మళ్లీ మళ్లీ చేస్తూ, తన స్ఫటికం వేగాన్ని కాస్త పెంచుకుంటూ తగ్గించుకుంటూ పోతుంది. సందేశం వచ్చిన వేళను నెట్‌వర్క్ చిప్పే నమోదు చేసే పరికరాల్లో, తీగ దారిలో ఈ లెక్క ఒక మైక్రోసెకను లోపుకు వస్తుంది. చెవికి కావాల్సినదానికన్నా ఇది ఎన్నో రెట్లు మేలు.

ఈ లెక్కలో ఒక నమ్మకం దాగి ఉంది. వెళ్లే దారికి, వచ్చే దారికి ఒకే సమయం పడుతుందని అనుకున్నాం. కేబుల్‌లో అది దాదాపు నిజం. వైఫైలో అలా ఉండదు.

వైఫైతో వచ్చే చిక్కు

కేబుల్‌లో రాకపోకలు ఒకదానికొకటి అడ్డురావు. వైఫైలో ఒకే గాలి. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. ఇంట్లోవాళ్ల ఫోన్లు, పక్కింటి రౌటరు అన్నీ ఆ గాలి కోసమే పోటీపడతాయి. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలోనైతే మైక్రోవేవ్ పొయ్యి కూడా చేరుతుంది. ఒక ప్యాకెట్టు చెడిపోతే మళ్లీ పంపాలి. అందువల్ల మిల్లీసెకనుకొకటి చొప్పున బయల్దేరిన ప్యాకెట్లు అదే ఎడంతో చేరవు. కాసేపు ఒక్కటీ రాదు, తర్వాత నాలుగు కలిసి వస్తాయి.

65వ నంబరు జాతీయ రహదారి మీద హైదరాబాద్ నుంచి వచ్చే బస్సులది ఇదే కథ. పావుగంటకొకటి బయల్దేరినా, పటాన్‌చెరు ట్రాఫిక్ దాటేసరికి జహీరాబాద్ బస్టాండుకు రెండు ఒకేసారి చేరతాయి. అక్కడి నుంచి ముందుకు సరిగ్గా పావుగంటకొక బస్సు పంపాలంటే కొన్నింటిని స్టాండులో ఆపి ఉంచుకోవాలి. ఎన్ని ఆపి ఉంచితే అంత క్రమం, అంత ఆలస్యం. నెట్‌వర్క్‌లో ఆ ఆపి ఉంచే చోటునే బఫర్ అంటారు.

పాటలకైతే బఫర్ ఎంత పెద్దదైనా ఫర్వాలేదు. పాట అర సెకను ఆలస్యంగా మొదలైతే ఎవరికీ నష్టం లేదు. ఇంటి గదులన్నిటిలో ఒకే పాట మోగించే వైఫై స్పీకర్లు బాగా పనిచేసేది అందుకే. స్నాప్‌కాస్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పాత ఫోన్లను, చిన్న రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్లను కలిపి సాధారణంగా 0.2 మిల్లీసెకను లోపు తేడాతో మోగిస్తుంది. సినిమాకు మాత్రం ఆ వెసులుబాటు లేదు. బఫర్ పెరిగితే పెదవులు ముందు, మాట వెనక. బొమ్మను కూడా అంతే ఆపగలిగితే సరిపోతుంది. టీవీ, ప్లేయర్, స్పీకర్లు ఒకే వ్యవస్థలో ఉంటేనే అది కుదురుతుంది.

అందుకే సినిమా కోసం తయారైన వైర్‌లెస్ స్పీకర్లలో కొన్ని మామూలు వైఫైని వదిలేసి సొంత దారి వేసుకున్నాయి. వైసా అనే పద్ధతి 5 గిగాహెర్ట్జ్ పట్టీలో తనకంటూ ఒక మార్గం చూసుకుని, ఎనిమిది దారుల దాకా 24 బిట్ల శబ్దాన్ని సుమారు 5 మిల్లీసెకన్ల ఆలస్యంతో పంపుతుంది.

కొనేవారు మరచిపోయే విషయం ఇంకొకటి. వైర్‌లెస్ స్పీకరుకు శబ్దపు తీగ ఉండదు కానీ కరెంటు తీగ ఉంటుంది. వెనక గోడకు ప్లగ్గు లేకపోతే చిక్కు మళ్లీ మొదటికే వస్తుంది. ఈథర్‌నెట్ కేబుల్‌కు దీనికీ జవాబుంది. శబ్దం మోసే తీగల మీదే కరెంటు పంపే పద్ధతి 2003లో 15 వాట్లతో మొదలై, 2009లో 30 వాట్లకు, 2018లో 90 వాట్లకు పెరిగింది. మామూలు హాలులో వెనక స్పీకరుకు 20 వాట్లు దక్కినా గది నిండుతుంది.

తలుపుకు వేసిన తాళం

నెట్‌వర్క్ ద్వారా శబ్దం పంపడం ఇంత సులువైతే అందరి ఇళ్లలోనూ ఎందుకు లేదు? సభామందిరాలు, రేడియో స్టేషన్లు, స్టేడియాల్లో ఇది ఏళ్ల క్రితమే స్థిరపడింది. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో 2006లో మొదలైన ఆడినేట్ సంస్థ తెచ్చిన డాంటే పద్ధతి అక్కడ రాజ్యమేలుతోంది. జర్మనీ నుంచి రవెన్నా వచ్చింది. ఒకరి పరికరం మరొకరితో మాట్లాడకపోవడంతో, అందరికీ ఉమ్మడి భాషగా 2013లో ఏఈఎస్67 పుట్టింది. స్టార్మ్‌ఆడియో, ట్రినోవ్ వంటి ఫ్రెంచి సంస్థలు ఖరీదైన హోమ్ థియేటర్ ప్రాసెసర్లలో ఈ నెట్‌వర్క్ దారిని ఇస్తున్నాయి.

మధ్యతరగతి ఇంటికి అది రాకపోవడానికి ముఖ్య కారణం సాంకేతికం కాదు. ప్లేయర్ నుంచి సినిమా శబ్దం టీవీకి, రిసీవరుకు చేరేది హెచ్‌డీఎంఐ తీగలో, నకలు తీయకుండా వేసిన తాళంతో. ఆ తాళం తీసి, శబ్దాన్ని విప్పే హక్కు లైసెన్సు పొందిన పరికరాలకే ఉంటుంది. విప్పిన ఆరు దారులను ఎవరైనా అందుకోగల నెట్‌వర్క్‌లోకి వదిలే మామూలు ఇంటి పరికరాలు అరుదు. పైగా చాలా కంపెనీలు తమ స్పీకర్లను తమ సౌండ్‌బార్‌తోనే మాట్లాడించుకుంటున్నాయి. ఈరోజు ఒక బ్రాండు సౌండ్‌బార్ కొన్నవారు రేపు వెనక స్పీకర్లు కూడా అదే బ్రాండువి కొనాలి. కంపెనీ ఆ మోడల్ ఆపేస్తే మొత్తం మార్చాలి. నేను ఇందులో వినియోగదారు పక్షమే. స్టేడియానికి ఉన్న ఉమ్మడి భాష సామాన్యుడి హాలుకు కూడా ఉండాలి. కంపెనీలు ఆ మాట వినాలంటే, కొనేటప్పుడు ‘వేరే బ్రాండుతో కలుస్తుందా?’ అని మనం అడగడం మొదలుపెట్టాలి.

ఇల్లు కట్టుకునేవారికి

జహీరాబాద్‌లో ఏ కొత్త కాలనీకి వెళ్లినా కడుతున్న ఇళ్లే. స్లాబ్ పోసే ముందు రోజు ఎలక్ట్రీషియన్ వచ్చి ఇనుప చువ్వల మధ్య కరెంటు పైపులు పరిచి వెళతాడు. ఆ రోజు చేసే చిన్న పని ఇంటి ఆయుష్షంతా ఉపయోగపడుతుంది. టీవీ గోడ నుంచి వెనక గోడకు రెండు, పైకప్పుకు రెండు ఖాళీ పైపులు విడిగా వేయించండి. కరెంటు తీగలున్న పైపులో నెట్‌వర్క్ కేబుల్ కలపకండి. రెండింటి మధ్య కొంత ఎడం ఉండాలి. పైపులో ఒక నైలాన్ తాడు వదిలితే, ఎప్పుడు కావాలంటే అప్పుడు కేబుల్ లాగవచ్చు. పదేళ్లలో పరికరాలు మారతాయి, ప్రమాణాలు మారతాయి. పైపు మారదు.

కేబుల్ కొనేటప్పుడు క్యాట్ 6, పూర్తి రాగి అని చూసి కొనండి. అల్యూమినియం తీగకు రాగి పూత పూసినవి చౌకగా దొరుకుతాయి. కరెంటు కూడా మోయాల్సి వస్తే అవి వేడెక్కుతాయి, మడతపెట్టిన చోట విరుగుతాయి. వంద మీటర్ల దాకా ఈథర్‌నెట్ కేబుల్ సరిగ్గా పనిచేస్తుంది. మన ఇళ్లకు అది కావాల్సినంత.

ఇంకో మేలు ఉంది. ఎర్తింగ్ సరిగా లేని ఇళ్లలో మామూలు ఆడియో వైర్లతో రెండు పరికరాలు కలిపితే స్పీకరులో ‘బుయ్యి’మని సన్నగా ఒక రొద వస్తుంది. రెండు ప్లగ్గుల ఎర్తింగ్‌ల మధ్య తేడా వల్ల ఆ తీగ గుండా కరెంటు ప్రవహించడమే దానికి కారణం. ఈథర్‌నెట్ పోర్టులో ఉండే చిన్న ట్రాన్స్‌ఫార్మరు రెండు వైపులనూ విద్యుత్‌పరంగా వేరుచేస్తుంది కాబట్టి, కవచం లేని మామూలు కేబుల్‌తో ఆ రొద దారి మూసుకుపోతుంది. అయినా ఎర్తింగ్ బాగు చేయించుకోవడం మానకండి, అది ప్రాణానికి సంబంధించింది. ఇన్వర్టరు ఉంటే రౌటరును, స్విచ్‌ను దాని మీద పెట్టండి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా గడియారాలన్నీ మళ్లీ మొదటి నుంచి కుదురుకోవాల్సిన పని తప్పుతుంది.

చివరగా గది. మనవి సిమెంటు గోడలు, స్లాబు కప్పు, తాండూరు బండలో టైల్సో పరిచిన నేల. శబ్దాన్ని పీల్చుకునేది దాదాపు ఏదీ లేదు. పన్నెండు అడుగుల వెడల్పు, పద్నాలుగు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు ఉన్న ఖాళీ హాలులో చప్పట్లు కొడితే ఆ ప్రతిధ్వని పూర్తిగా అణగడానికి లెక్క ప్రకారం మూడు సెకన్ల పైమాటే. సినిమా వినడానికి అర సెకను చాలు. మైక్రోసెకను లెక్కన గడియారాలను కలిపి, గదిని ఇలా వదిలేస్తే ఆ శ్రమంతా గోడల పాలే. దీనికి ఖరీదైన ప్యానెళ్లు అక్కర్లేదు. వెనక గోడకు మందపాటి పరదా, టీవీకీ సోఫాకూ మధ్య నేల మీద బొంత లేదా తివాచీ, గోడకు ఒక పుస్తకాల బీరువా. మాట స్పష్టత ఎంత పెరుగుతుందో అదే రోజు తెలుస్తుంది.

ఈ పనులు చేయడానికి హైదరాబాద్ నుంచి నిపుణులు రానక్కర్లేదు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చదివే కుర్రాడు, సీసీ కెమెరాలు బిగించే అమ్మాయి ఇప్పటికే ఇవే కేబుళ్లు లాగుతున్నారు, ఇవే స్విచ్‌లు పెడుతున్నారు. వాళ్లు కొత్తగా నేర్చుకోవాల్సింది స్పీకర్ల కోణాలు, దూరాలు, ఆలస్యాల లెక్కలు. ఆ పాఠం పాఠ్యప్రణాళికలో చేరితే జహీరాబాద్ లాంటి ఊళ్లలో ఒక కొత్త వృత్తి నిలబడుతుంది. మాచునూరులో బడి చదువు అంతంతమాత్రమైన మహిళలు మైకు, మిక్సరు, ట్రాన్స్‌మిటరు నేర్చుకుని రేడియో నడిపి చూపించిన ప్రాంతమిది. శబ్ద సాంకేతికత పట్నం వాళ్ల సొత్తేమీ కాదని వాళ్లు ఎప్పుడో రుజువు చేశారు.